భయానికి చట్టం, కోపానికి పలాయనం

ఘోరం జరిగిన మర్నాటి నుంచి చట్టసభ సభ్యుడికి ఊపిరాడదు. నియోజకవర్గంలో ఎటు వెళ్లినా ఒకటే ప్రశ్న: మీరు ఏం చేస్తున్నారు? ఆ ప్రశ్నకు అన్నిటికన్నా చవకైన జవాబు కొత్త చట్టం. పోలీసు సిబ్బందిని పెంచాలంటే నిధులు కావాలి. కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు తేలాలంటే ఏళ్లు పడుతుంది. బిల్లులో 5 ఏళ్ల శిక్షను పదేళ్లుగా దిద్దడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. భయపడిన జనం మాట వినవద్దని మేము అనడం లేదు. వినడానికే కదా సభ్యులను ఎన్నుకున్నది. విన్న తర్వాత చేసిన పనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నదే మా ప్రశ్న.

1986 జూన్‌లో అమెరికాలో లెన్ బయాస్ అనే యువ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కొకైన్ వాడి చనిపోయాడు. బోస్టన్ జట్టు అతణ్ని ఎంచుకుని అప్పటికి రెండు రోజులే. దేశమంతా కలవరపడింది. నవంబరులో ఎన్నికలు ఉన్నాయి. అక్టోబరు 27న మాదకద్రవ్యాల చట్టంపై అధ్యక్షుడి సంతకం పడింది. 5 గ్రాముల క్రాక్ (పొగగా పీల్చే గడ్డ కొకైన్) అమ్మజూపితే కనీసం ఐదేళ్ల జైలు. పొడి కొకైన్ అయితే అదే శిక్షకు 500 గ్రాములు ఉండాలి. మందు ఒకటే, రూపమే వేరు. విచిత్రమేమిటంటే బయాస్ ప్రాణం తీసింది పొడి కొకైనేనని తర్వాత సాక్ష్యాల్లో తేలింది. ఆ నూరు రెట్ల తేడా అతి ఎక్కువగా నల్లజాతి వారి మీద పడింది. తేడాను తొలగించాలని 1995లో శిక్షల కమిషన్ సిఫారసు చేస్తే కాంగ్రెస్ తోసిపుచ్చింది. నేరస్థులపై మెతకగా ఉన్నారన్న నింద మోయడానికి ఎంతమంది సిద్ధపడతారు? చివరకు 2010లో నూరు రెట్లు 18 రెట్లయింది. నాలుగు నెలల్లో వేసిన ముడిని కాస్త వదులు చేయడానికి 24 ఏళ్లు పట్టింది. జైళ్లలో గడిచిన ఆ ఏళ్లు ఏ సభ్యుడి ఖాతాలోనూ పడలేదు.

అందుకే ఇలాంటి చట్టాలకు కాలపరిమితి పెట్టాలని మేధావులు అంటుంటారు. మంచి మాటే, కానీ అదొక్కటే చాలదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత 45 రోజులకే అమెరికాలో ప్రభుత్వ నిఘా అధికారాలను పెంచే పేట్రియాట్ చట్టం వచ్చింది. అందులో 16 నిబంధనలు 2005 చివరికి వాటంతట అవే ముగిసిపోవాలని రాసుకున్నారు. గడువు దగ్గరపడ్డాక స్వల్ప పొడిగింపులతో నెట్టుకొచ్చి, 2006లో వాటిలో 14 నిబంధనలను శాశ్వతం చేశారు. భయం తగ్గిందని చెప్పి ఓటు వేస్తే, రేపు ఏదైనా జరిగితే? ఆ లెక్కే అందరిదీ. సెనేట్‌లో 2001లో 98 మంది అవునంటే కాదన్నది విస్కాన్సిన్ సభ్యుడు రస్ ఫీన్‌గోల్డ్ ఒక్కరే. మూడేళ్ల తర్వాత ఓటర్లు ఆయనను తిరిగి గెలిపించారు. ఓటరు క్షమించడన్నది చాలాసార్లు నాయకుల ఊహేనేమో!

భయానికి చట్టం జవాబైతే, కోపానికి జవాబు పరుగు. వృద్ధుల ఆరోగ్య బీమాను విస్తరిస్తూ 1988లో అమెరికన్ కాంగ్రెస్ భారీ ఆధిక్యంతో ఒక చట్టం చేసింది. ఆసుపత్రి ఖర్చులతో పాటు మందుల ఖర్చూ అందులో ఉంది. దానికి డబ్బు వృద్ధుల నుంచే రావాలి. ఆదాయం ఎక్కువ ఉన్నవారు అదనపు పన్ను కట్టాలి. ఆ పన్ను తమకు వర్తించదని తెలియక ఎందరో ఆగ్రహించారు. 1989 ఆగస్టులో షికాగోలో వృద్ధులు డాన్ రోస్టెన్‌కోవ్‌స్కీ కారును చుట్టుముట్టారు. సభలో పన్నుల సంఘానికి అధ్యక్షుడైన ఆయన కారు దిగి పరుగు తీశారు. ఎవరికి ఎంత పన్ను, ఎవరికి సున్నా అని ఇంటింటికీ చెప్పి ఉండవచ్చు. అలా చేయలేదు. ఆ ఏడాది ముగియకముందే చట్టంలోని ప్రధాన భాగాలన్నిటినీ రద్దు చేసి చేతులు కడుక్కున్నారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్లయింది. మందుల ఖర్చుకు భరోసా ఇచ్చే చట్టం మళ్లీ 2003లో గానీ రాలేదు.

వేగమే తప్పు అనలేము. 1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకే వ్యక్తి 35 మందిని కాల్చి చంపాడు. 12 రోజులకే రాష్ట్రాలన్నీ తుపాకుల నియంత్రణపై ఒప్పందానికి వచ్చాయి. ఇది గాలిలోంచి పుట్టిన పథకం కాదు. హింసపై నియమించిన జాతీయ సంఘం 1990లోనే తుపాకుల కట్టడికి సిఫారసులు చేసింది. కదిలించే తెగువే అప్పటిదాకా లేదు. పెద్ద తేడా మరొకటి. మాదకద్రవ్యాల చట్టానికి ఓటు వేసినవారు తమ ఓటర్లలో ఎవరినీ నొప్పించలేదు. ప్రధాని జాన్ హోవర్డ్ మాత్రం తన కూటమికి ఓటు వేసే గ్రామీణుల తుపాకులనే అడిగారు. దాదాపు 6.5 లక్షల ఆయుధాలను ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. అందుకు ఆరోగ్య పన్ను కింద ఏడాది పాటు ఆదాయంలో మరో 0.2 శాతం భారం వేసి, ఆ సంగతి దాచకుండా చెప్పింది.

కాబట్టి సంఘటన వేడి చల్లారకముందే బిల్లు తెచ్చే ప్రతి ప్రభుత్వాన్నీ చట్టసభ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది ఉండి ఉంటే జరిగిన ఘోరం ఆగేదా? దీనివల్ల మీరు పోగొట్టుకునే ఓటు ఒక్కటైనా ఉందా? రెంటికీ లేదన్న జవాబు వస్తే, బిల్లు స్థాయీ సంఘం ముందు కొన్ని వారాలు వేచి ఉన్నా కొంప మునగదు. మూడేళ్లకోసారి లెక్క సభ ముందుకు రావాలి: ఎన్ని అరెస్టులు, ఎన్ని శిక్షలు, నిర్దోషులుగా బయటపడినవారు ఎందరు అని. ఆ లెక్క చూసిన తర్వాతే పొడిగింపుపై ఓటు.

1996 జూన్‌లో హోవర్డ్, సేల్ అనే పట్టణంలో కోపంతో ఉన్న తుపాకుల యజమానుల సభకు వెళ్లారు. భద్రతా సిబ్బంది సలహాతో కోటు కింద తూటా రక్షణ కవచం తొడుక్కున్నారు. అది బయటకు కొట్టొచ్చినట్లు కనిపించింది. జనం అరిచారు, ఎగతాళి చేశారు. ఆయన చెప్పదలచుకున్నది చెప్పి వచ్చారు. కవచం వేసుకున్నందుకు మాత్రం తర్వాత నొచ్చుకున్నారు.