లైఫ్ సర్టిఫికెట్ కన్నా ఓటీపీకే ఎక్కువ టెన్షన్

విదేశాల్లో పిల్లల దగ్గర ఉంటున్న పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని చూపే పత్రం) ఇస్తే ఇక దిగులుండదని ఓ వ్యాసంలో చదివాను. పెన్షన్ ఆగదన్నది నిజమే. కానీ ఖాతాలో డబ్బు పడటం వేరు, అది మన చేతికి అందడం వేరు.

సర్టిఫికెట్ పని ఇప్పుడు తేలికే. ఆధార్ ఉంటే ఫోన్ కెమెరాకు ముఖం చూపించి ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ జీవన్ ప్రమాణ్‌లో ఇచ్చేయొచ్చు, 2021 నుంచి ఆ వీలుంది. కుదరకపోతే భారత కాన్సులేట్‌లో సంతకం చేయించుకోవచ్చు. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.

ఖాతాలో పడ్డ డబ్బు వాడుకోబోతేనే అసలు చిక్కు, అదంతా ఓటీపీతోనే. మా నాన్నగారి ఇండియా సిమ్‌కు ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంటుంది. పనికిరాని మెసేజ్‌లన్నీ టంచనుగా వస్తాయి, బ్యాంకు ఓటీపీ మాత్రం గడువు ముగియబోతుండగా వస్తుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆరో అంకె కొట్టేలోపు స్క్రీన్ మళ్లీ మొదటికొస్తుంది. సీనియర్ సిటిజన్ల సేవ అంటే ఇదేనేమో!

ఇంకో సంగతి, ఆ వ్యాసంలో ఎన్ఆర్ఓ (ప్రవాసులు ఇండియాలోని తమ ఆదాయం కోసం పెట్టుకునే బ్యాంకు ఖాతా) ఊసే లేదు. విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ప్రవాసి అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవాల్సిందే. అందులో పడిన పెన్షన్‌ను పన్ను లెక్క తేల్చాక బయటికి పంపుకోవచ్చు. ఎన్ఆర్ఓ నుంచి విదేశాలకు పంపే డబ్బుకు ఉన్న ఏటా పది లక్షల డాలర్ల పరిమితి పెన్షన్‌కు వర్తించదు. ఆ ఖాతా వడ్డీ మీద మాత్రం 30 శాతం పన్ను, పైన సెస్సు ముందే కోసేస్తారు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే, ఉంటున్న దేశం నుంచి పన్ను నివాస ధ్రువపత్రం (అక్కడ పన్ను లెక్కలో నివాసి అని చూపే కాగితం) తెచ్చి ఆ కోత తగ్గించుకోవచ్చు. పాతది చూపిస్తే ఒప్పుకోరు, ఏటా కొత్తది ఇవ్వాలి.