పబ్బుకెళ్దాం, పిల్లాపాపలతో సహా

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళలో పల్లెటూరి పబ్బులో కూర్చుని ఒక్కపూట భోంచేసినవాళ్ళు మాత్రం నాకు తక్కువే తగిలారు. సెలవొస్తే లేక్ డిస్ట్రిక్ట్‌కో, పీక్ డిస్ట్రిక్ట్‌కో వెళ్తాం. కారు డిక్కీలో పులిహోర, పెరుగన్నం ఉంటాయి. కొండెక్కి దిగి, కార్ పార్కులోనే తినేసి ఇంటిదారి పడతాం. ఎదురుగా వందల ఏళ్ళ నాటి పబ్బు ఉంటుంది. లోపలికి మాత్రం వెళ్ళం.

కారణం తెలిసిందే. పబ్బు అనగానే మనకు జూబ్లీహిల్స్‌లో చెవులు పగిలే మ్యూజిక్కో, ఊరి చివర వైన్‌షాపు పక్కన పర్మిట్ రూమో గుర్తొస్తుంది. ఆడవాళ్ళూ పిల్లలూ అడుగుపెట్టే చోటు కాదని మనసులో ముద్ర పడిపోయింది. ఇక్కడి పల్లె పబ్బు అలాంటిది కాదు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చూడండి. బురద బూట్లతో కొండ దిగివచ్చినవాళ్ళు, మూడు తరాలు కలిసి కూర్చున్న కుటుంబం, కుక్కను కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని సూప్ తాగుతున్న పెద్దావిడ కనిపిస్తారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే పిల్లలు రావడానికి చట్టం అడ్డు చెప్పదు. రాత్రి పొద్దుపోయాక పిల్లలు వద్దని కొన్ని పబ్బులు సొంతంగా నియమం పెట్టుకుంటాయి, అంతే. మందు ముట్టనివాళ్ళు లైమ్ అండ్ సోడానో కాఫీనో తీసుకుంటే ఎవరూ వింతగా చూడరు. కారు నడిపేవాళ్ళు ఎలాగూ అవే తాగాలి. మన తెలుగు సంఘాలే పూనుకుని మనవాళ్ళను ఈ గడప దాటించాలని నా గట్టి అభిప్రాయం.

ఎప్పుడైనా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే మొదటి ఫిర్యాదు, బీరు చల్లగా లేదని. లాగర్, అంటే మనకు తెలిసిన మామూలు బీరు, అడిగితే చల్లగానే ఇస్తారు. కౌంటర్ మీద పొడుగాటి పిడులతో నిలబడి ఉండే హ్యాండ్ పంపుల నుంచి వచ్చేది వేరే సరుకు, కాస్క్ ఏల్. బ్రూవరీలోనే ఫిల్టర్ చేసి, గ్యాస్ ఎక్కించి పంపే బీరు కాదది. పీపాలో ఈస్ట్ బతికే ఉంటుంది, పబ్బు సెల్లార్‌కు చేరాక కూడా పులుస్తూనే ఉంటుంది. తాటిచెట్టు మీంచి దించిన కల్లు పొద్దున ఒకలా, సాయంత్రానికి మరోలా ఉంటుందని తెలిసిన మనకు ఇదేమీ అర్థం కాని విషయం కాదు. దీన్ని 11 నుంచి 13 డిగ్రీల మధ్య పోస్తారు. అంతకన్నా బాగా చల్లబరిస్తే రుచీ వాసనా తెలియవు. 1960ల్లో పెద్ద బ్రూవరీలు దీన్ని పక్కకు నెట్టి, గ్యాస్ ఎక్కించి పంపే ఆ కెగ్ బీరును ముందుకు తోస్తుంటే, 1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం కాస్క్ ఏల్‌ను నిలబెట్టింది. తాగేవాళ్ళే పూనుకుని తమ పానీయాన్ని కాపాడుకున్నారు. అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అయితే ఈ బీరు ఆగేది కాదు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోతేనే బాగుంటుంది. మామూలుగా వాడే ఫర్కిన్ పీపాలో 72 పింట్లు పడతాయి. పింటు అంటే 568 మిల్లీలీటర్లు. జనం లేని ఊళ్ళో మంగళ, బుధవారాల్లో ఆ పీపా ఖాళీ చెయ్యడం ఎంత కష్టమో ఊహించండి. మిగిలిపోతే గాలి తగిలి వెనిగర్ వాసన వస్తుంది. అది తాగిన కొత్తవాళ్ళు మళ్ళీ రారు. వాళ్ళు రాకపోతే తర్వాతి పీపా ఇంకా నెమ్మదిగా కదులుతుంది. పల్లె పబ్బులు మూతపడడానికి అద్దెలు, కరెంటు బిల్లులు, పన్నులు ఇలా చాలా కారణాలున్నాయి గానీ, ఈ కారణమూ చిన్నది కాదు. అందుకే నాలుగు రకాలు పెట్టి రెండిటిని పాడుచేసే పబ్బు కన్నా, రెండే పెట్టి వాటిని బాగా చూసుకునే పబ్బును నేను మెచ్చుకుంటాను.

వెనిగర్ వాసనొస్తే గ్లాసు పట్టుకుని కౌంటర్ దగ్గరికే వెళ్ళండి. డెర్బీషర్‌లో ఒక పబ్బులో మా ఆయన అలాగే తీసుకెళ్తే, పబ్బు నడిపే ల్యాండ్‌లేడీ వాసన చూసింది. పంపులోంచి కొంచెం వేరే గ్లాసులోకి వంపుకుని రుచి చూసింది. మారు మాట్లాడకుండా పంపు మీదున్న ఆ బీరు పేరు పలకను వెనక్కి తిప్పేసింది. అంటే ఆ పీపా ఇక అమ్మరన్నమాట. వేరే పింటు పోసి ఇచ్చి, చెప్పినందుకు థ్యాంక్స్ అంది. మనవాళ్ళు అక్కడ నోరు మెదపరు, ఇంటికొచ్చాక వాట్సాప్‌లో ఏకిపారేస్తారు. ఇది మారాలి.

తిండి విషయంలో నేను సగం మనవాళ్ళ పక్షమే. చప్పగా ఉంటుందన్న మాట మాత్రం ఒప్పుకోను. బయట కరకరలాడుతూ లోపల మెత్తగా విడిపోయే బంగాళాదుంపలు, గిన్నెలా పొంగిన యార్క్‌షర్ పుడ్డింగ్ (తీపి కాదు, పిండీ గుడ్డూ కలిపి కాల్చేది), దాని గుంటలో వేడి గ్రేవీ, ఆవఘాటులా ముక్కుకెక్కే హార్స్‌రాడిష్‌తో మంచి సండే రోస్ట్, అంటే కాల్చిన మాంసంతో పెట్టే ఆదివారం భోజనం, తిన్నవాళ్ళు ఆ మాట అనరు. కష్టమల్లా శాకాహారులకే. ఆ బంగాళాదుంపల్ని బాతు కొవ్వులో కాల్చి ఉండొచ్చు. యార్క్‌షర్ వైపు చిప్స్‌ను (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవాటిని) గొడ్డు కొవ్వులో వేయించే చోట్లు ఇంకా ఉన్నాయి. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి కస్టమర్‌కు చెప్పాలని చట్టం ఉంది గానీ, గొడ్డు కొవ్వు ఆ జాబితాలో లేదు. బీరును తేటపరచడానికి కొందరు వాడే ఐసింగ్లాస్ చేప తిత్తి నుంచి తీసేది. దానికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే.

మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు యార్క్‌షర్ డేల్స్ కొండల్లో ఒక పబ్బుకు తీసుకెళ్ళాం. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. చిప్స్ దేనిలో వేయిస్తారని అడిగితే కౌంటర్‌లో కుర్రాడికి తెలియలేదు. లోపలికెళ్ళి వంటాయన్నే పిలుచుకొచ్చాడు. ఆయన ఏప్రన్‌తోనే వచ్చి, మా టేబుల్ పక్కన మోకాళ్ళు వంచి కూర్చుని, బీఫ్ కొవ్వులోనే వేయిస్తామని దాచకుండా చెప్పాడు. “ఏమ్మా, ఏమంటున్నాడు?” అన్నారు అత్తగారు. చెప్పాను. “ఉన్నమాట చెప్పాడు, మంచివాడే. ఇంకేముందో అడుగు” అన్నారు. జాకెట్ పొటాటో, అంటే తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప మీద వెన్న, బేక్డ్ బీన్స్ వేయించుకుని, మిరియాల పొడి దండిగా చల్లుకుని కడుపునిండా తిన్నారు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. ఎప్పుడూ ఆ జాకెట్ పొటాటోతోనే సరిపెట్టుకోమంటే మాత్రం నచ్చదు. మాంసం తగలని గ్రేవీ, చిప్స్‌కు విడిగా నూనె పెట్టడం ఏ వంటింటికైనా సాధ్యమే. అడిగే నోళ్ళు పెరిగితే పెడతారు.

వేళలు కూడా చూసుకోవాలి. చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వంటిల్లు మూసి, మళ్ళీ సాయంత్రం ఆరుకు తెరుస్తారు. మూడింటికి ఆకలితో ఉన్న పిల్లల్ని వెంటేసుకుని వెళ్తే క్రిస్ప్స్ (మన ఊళ్ళో చిప్స్ అనేవి) ప్యాకెట్లే గతి.

ఇక ఎవరూ పట్టించుకోలేదన్న ఫిర్యాదు. పబ్బులో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, టేబుల్ నంబర్ చెప్పి, ఆర్డరిచ్చి, చాలాచోట్ల అక్కడే డబ్బు కట్టాలి. కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. అది నిర్లక్ష్యం కాదు. మన ఇళ్ళలో వద్దన్నా వడ్డించడం మర్యాద, వీళ్ళకు మనిషిని తన మానాన కూర్చోనివ్వడం మర్యాద. ఈ వారం ఏ ఏల్ బాగుందని అడిగి చూడండి, రుచికి చిన్న గ్లాసులో పోసిస్తారు, కబుర్లూ కలుస్తాయి.

కష్టమొస్తే ఈ మనుషులు ఎలా ఉంటారో టాన్ హిల్ ఇన్‌లో తెలిసింది. డేల్స్‌లో 1,732 అడుగుల ఎత్తున ఉన్న ఈ పబ్బు బ్రిటన్ మొత్తానికి ఎత్తైనది. 2021 నవంబరు 26న, ఒయాసిస్ అనే రాక్ బృందం పాటలు పాడే బ్యాండ్‌ను వినడానికి వచ్చిన అరవై మంది దాకా జనం ఆర్వెన్ తుఫానులో మంచు కమ్మేసి మూడు రాత్రులు అక్కడే చిక్కుకుపోయారు. సిబ్బంది వాళ్ళకు పరుపులు పరిచారు, వండి పెట్టారు, క్విజ్, కరావోకే పెట్టి దిగులు పడకుండా చూసుకున్నారు. దారి తెరుచుకున్నాక కొందరికి వెళ్ళాలనిపించలేదట.

గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ తలతిప్పి చూస్తారేమోనన్న టెన్షన్ మనలో చాలామందికి ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. 1960ల్లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో కొన్ని పబ్బు గదుల్లోకి భారతీయుల్ని రానిచ్చేవారు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దాని మీద పోరాడింది, 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కూడా అక్కడికి వచ్చాడు. ఆ ఏడాదే వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం అలాంటి చోట్ల వివక్షను నిషేధించింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే పంజాబీ కుటుంబాలు నడిపే పబ్బుల్లో పింటు పక్కన మిక్స్‌డ్ గ్రిల్ (మసాలా పట్టించి కాల్చిన రకరకాల మాంసాలు) పెట్టుకుని అన్ని రంగులవాళ్ళూ కలిసి కూర్చుంటున్నారు. ఎక్కడైనా అవమానం జరిగితే లేచి వచ్చెయ్యండి. జరుగుతుందేమోనని ముందే ఆగిపోతే మాత్రం, ఆనాటి మనవాళ్ళు కొట్లాడి తెచ్చిన హక్కును మనం వాడుకోనట్టే.

మన సంఘం కమిటీకి నా విన్నపం ఇది. వేసవి నడకల్లో ఒకదానికైనా మధ్యాహ్న భోజనం పల్లె పబ్బులో పెట్టండి. స్కూలు సెలవుల్లో మంగళవారమో బుధవారమో అయితే మేలు, వాళ్ళకు జనం కావలసింది ఆ రోజుల్లోనే. వారం ముందే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో, శాకాహారులు ఎందరో, గుడ్డు తిననివాళ్ళు ఎవరో చెప్పండి. ముప్పై మంది వస్తున్నారంటే మెనూలో లేనిది చేసిపెట్టడానికి కూడా చాలామంది వంటవాళ్ళు సిద్ధపడతారు. మొదటి నడకకు ఫోన్లు చేసే పని నేను చూసుకుంటాను.