'డిస్మల్' అంటే దిగులు అని రాసి ఊరుకుంటే సరిపోదు

మా అబ్బాయి ఇంగ్లీషు పాఠం చదువుతూ 'డిస్మల్' అంటే ఏమిటని అడిగితే ఇంట్లో ఉన్న నిఘంటువు తీశాను. 'విచారకరమైన, దిగులు పుట్టించే' అని రెండు ముక్కలు రాసి అది చేతులు దులుపుకుంది. అర్థం తప్పేమీ కాదు గానీ, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారికి అది ఉప్పు లేని పప్పులా తోస్తుంది.

ఎందుకంటే డిస్మల్ మొదట మనసుకు సంబంధించిన మాటే కాదు, తిథివారాల మాట. లాటిన్‌లో 'దియేస్ మాలి' అంటే చెడ్డ రోజులు. అదే పాత ఫ్రెంచి మీదుగా 'దిస్ మాల్' అయి ఇంగ్లీషులోకి చేరింది. మధ్యయుగపు ఐరోపా క్యాలెండర్లలో నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 రోజులను అశుభమైనవిగా గుర్తించి పెట్టేవారు. జనవరిలోనైతే అవి 1, 25 తేదీలు. ఈజిప్టు జ్యోతిష్కులు లెక్కగట్టారన్న నమ్మకంతో వాటిని 'ఈజిప్టు రోజులు' అనేవారు. ఆ రోజుల్లో వైద్యం పేరిట నెత్తురు తీయించుకోవడం కూడా ప్రమాదమని భయపడేవారు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ అయితే ఈ మాటను బైబిలు కథలో ఈజిప్టు మీద విరుచుకుపడిన పది అరిష్టాలతో ముడిపెట్టాడు.

పోనుపోను 'దిస్' అంటేనే రోజులన్న సంగతి జనం మరచిపోయి 'డిస్మల్ డేస్' అనసాగారు, మనం 'నడిసెంటర్' అన్నట్టుగా. ఆ తరువాత రోజులు జారిపోయి దిగులొక్కటే మిగిలింది.

మా అమ్మ ప్రయాణానికి ముందు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, గోడ క్యాలెండరు గడిలో చీమల బారులాంటి అక్షరాల్లో వర్జ్యం, దుర్ముహూర్తం వెతుకుతుంది. నేను అవి చూసి బయలుదేరే మనిషిని కాను. అయినా ఆమెను చూసి నవ్వుతూ అదే నోటితో 'డిస్మల్' అనేవారికి, తాము పలికేది కూడా ఒకనాటి వర్జ్యమేనని తెలియకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అసలు విడ్డూరం మరొకటి ఉంది. 'దుర్దినం' అనగానే మనకు చెడ్డ రోజు అనే తోస్తుంది గానీ, అమరకోశం ఆ మాటకు చెప్పిన అర్థం మబ్బు కమ్మిన పగలు. చెడ్డ రోజు అన్న మాటతోనే చీకటి కమ్మిన దిగులును చెప్పే పద్ధతి లాటిన్ ఊసు లేకుండానే మన దగ్గరా ఉండగా, నిఘంటుకారులు దానిని వదిలేసి 'విచారకరమైన' దగ్గర ఆగిపోవడం నాకు మింగుడుపడదు.

నిఘంటువు అంచున పెన్సిలుతో 'దుర్దినం' అని రాశాను. "పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేస్తారా నాన్నా?" అని వాడు అడిగాడు. వేయరని నిజమే చెప్పాను.