తనిఖీకి కబురెందుకు?

2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలోని ఓ వృద్ధాశ్రమం నుంచి పోలీసులు డెబ్బై మందికి పైగా వృద్ధులను, మానసిక రోగులను బయటికి తెచ్చారు. లోపలి కేకలు విని చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేయబట్టి సంగతి తెలిసింది. పక్కన ఇళ్లే లేకపోతే?

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, కొడుకు తిండి పెట్టకపోతే ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. నెలనెలా డబ్బు తీసుకుంటున్న ఆశ్రమం పెట్టకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో అందులో స్పష్టత లేదు. ప్రైవేటు హోములకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ కేంద్రం 2019 డిసెంబరులో సవరణ బిల్లు తెచ్చింది. పార్లమెంటు స్థాయీసంఘం పరిశీలించింది కూడా. ఆనక 2024లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది.

ఫిర్యాదుకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 (ఎల్డర్‌లైన్) ఉందిగా అంటారు. మంచి ఏర్పాటే. కానీ మంచం దిగలేని పెద్దావిడ, ఫోను మేనేజరు బల్ల మీదుండే చోట, ఆ నంబరు ఎలా నొక్కుతుంది? నొక్కినా, ఫిర్యాదు ఎవరిదో సాయంత్రానికి తెలిసిపోతే రాత్రి ఆమెకు డైపరు మార్చాల్సింది ఆ ఆయాలే. ఇలాంటి చోట ఫిర్యాదులు రాలేదంటే అంతా బాగుందని అధికారులు రాసుకోవడం మోసం. తనిఖీకి ముందే కబురు పెట్టి వెళితే ఉతికిన దుప్పట్లు తప్ప ఏం కనిపిస్తాయి?

అమెరికాలో మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల సొమ్ము అందుకునే నర్సింగ్ హోముల తనిఖీ చెప్పకుండానే జరగాలి. రెండు తనిఖీల మధ్య 15 నెలలు మించకూడదు. వస్తున్నారని ముందే చెవిన వేసినవారికి జరిమానా. అక్కడా ఫిర్యాదుల విచారణ ఆలస్యమవుతోందని ఫెడరల్ ఆడిటర్లే తప్పుపట్టారు. అయినా చదువుకోవడానికి ఓ నివేదికంటూ ఉంటుంది. డాలస్‌లోని కొడుకు అక్కడి హోముకు ప్రభుత్వ రేటింగులో ఎన్ని స్టార్లో ఇంట్లో కూర్చుని చూడగలడు. తల్లిని చేర్చిన హైదరాబాద్ హోము గురించి మాత్రం బ్రోచరులోని పచ్చిక ఫొటోనే నమ్ముకోవాలి!

పార్లమెంటు మళ్లీ ఎప్పుడు పట్టించుకుంటుందోనని రెండు తెలుగు రాష్ట్రాలూ ఎదురుచూడనక్కర్లేదు. ప్రతి జిల్లాలో ఎన్ని హోములున్నాయో ముందు కలెక్టర్లు లెక్క తీయాలి. తనిఖీ బృందం రాత్రి భోజనం వేళ వెళ్లాలి, మేనేజరును బయట నిలబెట్టి వృద్ధులతో మాట్లాడాలి. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన ఉద్యోగిపై చర్య ఉండాలి. తనిఖీ నివేదిక, హోము పేరుతో సహా, వెబ్‌సైటులో పెట్టాలి.