కుదురుగా కూర్చున్నంత మాత్రాన బాగైపోయినట్టు కాదండీ

ముందే చెప్పేస్తున్నా, ఇది సింపతీ పోస్ట్ కాదు. మావాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం, నోటితో వచ్చే మాటలు చాలా తక్కువ, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడతాడు, వాడు హ్యాపీగానే ఉంటాడు, మేమూ బానే ఉన్నాం, కాబట్టి కింద "స్టే స్ట్రాంగ్ బ్రో" అని పెట్టకండి. చాలా రోజుల్నుంచి ఒక విషయం గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది, అది కక్కేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

వాడిని చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకునేది ఒక్కదానికే. "అబ్బ, ఈసారి ఎంత కుదురుగా కూర్చున్నాడో, చాలా ఇంప్రూవ్ అయ్యాడు." చుట్టాలూ అంతే, పక్కింటివాళ్లూ అంతే, ఆఖరికి స్కూల్లో ఇచ్చే రిపోర్టూ అంతే. అరవలేదు, పరిగెత్తలేదు, చేతులు ఊపలేదు, ఎవరి పనికీ అడ్డం రాలేదు, ఇంకేం, గుడ్ బాయ్. వాడికి ఏం కావాలో చెప్పగలుగుతున్నాడా, ఎక్కడ నొప్పో చూపించగలుగుతున్నాడా, ఇష్టం లేనిదాన్ని వద్దు అనగలుగుతున్నాడా అని అడిగే నాథుడే లేడు. పిల్లాడి ప్రోగ్రెస్ అంటే మనకి వాడివల్ల ఎంత ఇబ్బంది తగ్గింది అనే కొలతేనా?

ఆమధ్య ఇంటినిండా జనం ఉన్న రోజు వాడు ఓ మూల గోడకి ఆనుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. మా పెద్దమ్మ మురిసిపోయింది, "చూశావురా, థెరపీ పనిచేస్తోంది" అని. మా ఆవిడకి మాత్రం అనుమానం వచ్చింది, ఇంతమందిలో వీడు ఇలా ఉండే రకం కాదే అని, ట్యాబ్ తెచ్చి ముందు పెట్టింది. "చెవి" నొక్కాడు. తర్వాత "లోపల". తర్వాత "నొప్పి", "నొప్పి", "నొప్పి". డాక్టర్ చూస్తే ఇన్ఫెక్షన్, బాగా ముదిరిపోయి ఉంది. ఆ ట్యాబ్ లేకపోతే ఆ రోజంతా వాడు అందరి దృష్టిలో గుడ్ బాయే కదా.

నిశ్శబ్దంగా ఉన్నాడంటే ప్రశాంతంగా ఉన్నాడని కాదు, ఇదొక్కటి అందరి బుర్రకీ ఎక్కితే చాలు నాకు. మెల్ట్‌డౌన్ అంటే చాలామందికి తెలుసు ఇప్పుడు, శబ్దాలు, లైట్లు, జనం, అనుకోని మార్పు, అన్నీ కలిసి తట్టుకోలేనంత అయిపోయి బయటికి తన్నుకొచ్చేది. అదే ఒత్తిడి లోపలికి పోతే షట్‌డౌన్ అంటారు, మాట ఆగిపోతుంది, కదలిక ఆగిపోతుంది, పిలిస్తే పలకడు. చూసేవాళ్లకి మొదటిది పెంపకం సరిగ్గా లేనట్టు, రెండోది బుద్ధి వచ్చినట్టు కనిపిస్తుంది. మారాం వేరు. మారాం చేసే పిల్లాడు మధ్యలో ఓరకంట మనవైపు చూస్తాడు పని అవుతోందా లేదా అని, అడిగింది చేతిలో పెడితే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి చందమామని తెచ్చిచ్చినా ఆగదు, ఎందుకంటే వాడు అడుగుతున్నది ఏమీ లేదు. అప్పుడు చెయ్యాల్సిందల్లా మాటలు తగ్గించడం, జనాన్ని పంపించెయ్యడం, లైటు తగ్గించడం, వాడికి దెబ్బ తగలకుండా చూసుకుంటూ పక్కన ఉండటం. ఫోన్ తీసి వీడియో తియ్యడం మాత్రం ఆ లిస్టులో లేదు, ఎవరి గురించో వాళ్లకే తెలుసు.

ఇక కళ్లలోకి చూడటం గోల. "నా వైపు చూడు, నా కళ్లలోకి చూసి చెప్పు" అని గడ్డం పట్టుకుని తల తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆటిజం ఉండి పెద్దయినవాళ్లు రాసినవి చదవండి ఓసారి, కళ్లలోకి చూస్తూ ఉంటే మాట వినబడదని, వినాలంటే చూపు తిప్పుకోవాల్సిందేనని ఎంతమంది చెప్పారో. అంటే మనం శ్రద్ధ అనుకుని బలవంతంగా తెప్పించేదే శ్రద్ధని చెడగొడుతోంది. చేతులు ఊపడం, గుండ్రంగా తిరగడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం కూడా అంతే, స్టిమ్మింగ్ అంటారు, చాలామందికి అది తమని తాము సర్దుకునే పద్ధతి. తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలేలా ఉంటే అప్పుడు వేరే దారి చూపించాలి, ఒప్పుకుంటా, తల గోడకి కొట్టుకునే పిల్లాడిని అలా వదిలేయమని ఏ పిచ్చివాడూ చెప్పడు. కానీ వేళ్లు ఆడించుకుంటే మీకేం నష్టం?

సరే ట్యాబ్ సంగతికొస్తా, అసలు గొడవంతా అక్కడే. దీన్ని ఏఏసీ అంటారు, నోటిమాట సరిపోనప్పుడు బొమ్మల కార్డులో, సైగలో, మాట పలికే యాపో, ఏదో ఒకదాంతో భావం చెప్పడం. "అది అలవాటైతే ఇంక నోరు విప్పడండీ, బద్ధకం వస్తుంది" అని ప్రతివాళ్లూ అంటారు, చదువుకున్నవాళ్లతో సహా. 2006లో ఈ విషయం మీద పాత స్టడీలన్నీ ముందేసుకుని ఒక రివ్యూ చేశారు, ఆటిజం ఒక్కటే కాదు, రకరకాల డెవలప్‌మెంటల్ డిసెబిలిటీలు ఉన్నవాళ్ల మీద. నమ్మదగ్గ ఆధారాలున్న 27 మందిని తీసుకుంటే ఒక్కరికి కూడా ఏఏసీ వల్ల మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతోకొంత పెరిగింది. పెరుగుదల చాలావరకు కొంచెమే, అదీ నిజమే, అద్భుతాలు ఆశించొద్దు. కానీ తగ్గలేదు, అది ముఖ్యం. ఇంకోటి, పిల్లాడి చెయ్యి పట్టుకుని పక్కవాళ్లు టైప్ చేయించే పద్ధతి ఒకటుంది, ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని, దాన్నీ దీన్నీ కలపకండి. 1990ల్లోనే కంట్రోల్డ్ టెస్టులు పెట్టి చూస్తే ఆ మాటలు పిల్లాడివి కావు, తెలియకుండానే చెయ్యి పట్టుకున్నవాళ్లవి అని తేలిపోయింది. మావాడి వేలు వాడిదే, ఎవరూ పట్టుకోరు, తప్పు బొమ్మ నొక్కి వాడే నవ్వుకుంటాడు, కోపమొస్తే "నాన్న", "వెళ్లు" అని రెండూ కలిపి నొక్కుతాడు. ఆ రోజు నాకు పండగే, నిజంగా.

మాట రాని పిల్లలకి ఇంట్లోంచి వెళ్లిపోయే ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు, భయపెట్టినట్టు అవుతుందనేమో. 2012లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో నాలుగేళ్లు దాటిన ఆటిజం పిల్లల్లో 49 శాతం మంది కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోయే ప్రయత్నం చేశారని తల్లిదండ్రులు చెప్పారు. దాదాపు సగం మంది! కొందరు ఇష్టమైనదాని దగ్గరికి వెళ్తారు, కొందరు భరించలేని చప్పుడు నుంచి పారిపోతారు. చాలామంది పిల్లలకి నీళ్లంటే పిచ్చి ఇష్టం, అందుకే మీ చుట్టుపక్కల ఎవరైనా ఇలాంటి పిల్లాడు కనబడకపోతే ముందు నీళ్లున్న చోటు వెతకండి, తర్వాతే మిగతావి. ఈత నేర్పించండి. పేరు, ఫోన్ నంబర్ ఉన్న బ్యాండ్ చేతికి కట్టండి. కుదురుగా కూర్చోవడం నేర్పడానికి పెట్టే గంటల్లో సగం వీటికి పెట్టినా ప్రాణాలు నిలుస్తాయి.

ఇప్పుడు అసలు కారణం ఏంటి అనే ఎంక్వైరీ కమిషన్ గురించి. "ఫోన్ ఇచ్చారా చిన్నప్పుడు?" అని మొదలుపెడతారు, అదీ మా ఆవిడ మొహం చూస్తూ, నా మొహం చూస్తూ కాదు, గమనించారా. ఇలా తల్లిని నిందించే రోగం కొత్తది కాదులెండి. 1943లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాశాడు, ఆటిజం అని ఇవాళ మనం అంటున్నది ప్రపంచానికి అలా తెలిసింది, ఆయనకంటే చాలా ముందే 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే ఆవిడ ఇలాంటి అబ్బాయిలు ఆరుగురి గురించి వివరంగా రాసినా పట్టించుకున్నవాళ్లు లేరు, అది వేరే కథ. ఆ తర్వాత ఏళ్ల తరబడి తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అయ్యారని పెద్ద పెద్ద డాక్టర్లే చెప్పారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్, ఆయన కొడుక్కీ ఆటిజమే, ఇది పెంపకం తప్పు కాదు, శరీరంలోనే ఉన్న కారణం అని పుస్తకం రాస్తే గానీ ఆ వాదన కదల్లేదు. 1977లో 21 జతల కవలల మీద చేసిన స్టడీతో జన్యువుల పాత్ర బయటపడింది, ఇప్పుడు దాని గురించి సందేహమే లేదు. అప్పుడు ప్రేమ చాలలేదన్నారు, ఇప్పుడు స్క్రీన్ ఎక్కువైందంటున్నారు, నింద మాత్రం అదే అడ్రస్‌కి వస్తోంది. ఫోన్ తగ్గిస్తే ఏ పిల్లాడికైనా మంచిదే, నేనూ తగ్గిస్తా, కానీ ఫోన్ ఇవ్వడం వల్ల ఆటిజం పుట్టదు.

వ్యాక్సిన్ సంగతి ఇంకా రాయాల్సి రావడమే సిగ్గు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ఎమ్ఎమ్ఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజానికీ ముడిపెడుతూ 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌ని లాన్సెట్ జర్నల్ 2010లో వెనక్కి తీసేసుకుంది, ఆయన డాక్టర్ లైసెన్స్ కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకి పైగా పిల్లల్ని చూస్తే ఆ ఎమ్ఎమ్ఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం కనబడలేదు. అయిపోయింది.

తర్వాత క్యూర్లు. ఒకప్పుడు సెక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ అన్నారు, డమ్మీ ఇంజెక్షన్‌తో పోల్చి చూస్తే తేడా లేదు. కీలేషన్ అన్నారు, ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని, 2005లో అమెరికాలో ఆ ట్రీట్‌మెంట్‌లో ఒక ఐదేళ్ల బాబు చనిపోయాడు. బ్లీచ్ తాగించినవాళ్లు కూడా ఉన్నారు, చదివితే కడుపులో దేవుతుంది. ఆటిజాన్ని తీసేసే మందు లేదు. విపరీతమైన చిరాకు, కొట్టుకోవడం లాంటివి తగ్గడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి కొందరు పిల్లలకి డాక్టర్లు రాస్తారు, అవసరమైనవాళ్లకి అవి పనికొస్తాయి, వాటికి సైడ్ ఎఫెక్ట్స్ కూడా ఉన్నాయి. అంతవరకే. గ్యారంటీగా "నార్మల్" చేస్తామని ఎవరన్నా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

"మైల్డా, సివియరా?" ఇది ఇంకో ప్రశ్న. ఏం చెప్పను? పొద్దున బూట్లు తనే వేసుకున్నవాడు సాయంత్రం నీళ్లు కావాలని కూడా చెప్పలేని స్థితిలో ఉంటాడు. 2013లో డీఎస్ఎమ్-5, అంటే అమెరికా సైకియాట్రిస్టులు డయాగ్నసిస్‌కి వాడే పుస్తకం, వచ్చినప్పుడు ఆస్పర్జర్స్ లాంటి వేర్వేరు పేర్లన్నీ కలిపి ఒకటే చేసి, ఎంత సపోర్ట్ కావాలి అన్నదాన్ని బట్టి మూడు లెవెల్స్ పెట్టారు. ఆ లెక్క మీద కూడా తిట్టుకునేవాళ్లున్నారు, మాట బాగా వచ్చినవాళ్ల కష్టం ఎవరికీ కనబడదని ఒక వైపు, మావాడి లాంటివాళ్ల గురించి అసలు ఎవరూ మాట్లాడరని ఇంకో వైపు, నాకైతే రెండు వైపులా నిజమే అనిపిస్తుంది. ముఖ్యంగా ఆడపిల్లలు. పక్కవాళ్లని చూసి నవ్వు, మాట అన్నీ కాపీ కొట్టి స్కూలంతా నెట్టుకొచ్చి ఇంటికొచ్చాక కుప్పకూలిపోతారు, టీచర్ మాత్రం "క్లాసులో బంగారంలా ఉంటుందండీ, మీ ఇంట్లోనే ఏదో ప్రాబ్లమ్" అంటుంది. మళ్లీ అదే, కుదురుగా ఉంటే ఏమీ లేనట్టే.

"ఆటిజం పిల్లలు ఏదో ఒకదాంట్లో జీనియస్ అంటారుగా, మీవాడూ అంతేనా?" అని అడిగేవాళ్లకి జవాబు: లేదండీ, మావాడికి తేదీ చెప్తే ఏ వారమో చెప్పడం రాదు, పియానో రాదు, ఫ్యాన్ రెక్కలు చూడటం వచ్చు.

పాజిటివ్‌గా ఏదైనా చెప్పు అంటారు కాబట్టి డొనాల్డ్ ట్రిప్లెట్ గురించి చెప్తా. కానర్ రాసిన ఆ 11 మందిలో మొదటి పిల్లాడు. మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో బతికాడు, బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన "బాగైపోలేదు", చివరిదాకా ఆటిజంతోనే ఉన్నాడు, తెలిసినవాళ్లకి నంబర్లు పెట్టి ఆ నంబర్లతో గుర్తుపెట్టుకునేవాడట, ఊళ్లోవాళ్లు ఆ నంబర్‌ని గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ బ్యాంకు ఆయన తల్లి తరఫువాళ్లది, డబ్బున్న కుటుంబం, ఆ మాట దాచి కథ చెప్తే మోసం అవుతుంది. కానీ ఊరు ఊరంతా ఆయన తీరుకి కాస్త జరిగి చోటిచ్చింది, దానికి డబ్బు అక్కర్లేదు కదా.

ప్రపంచం మొత్తం మీద 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని డబ్ల్యూహెచ్ఓ 2021కి వేసిన అంచనా. అంటే మీకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, చాలామందికి ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. అలాంటి పిల్లాడు ఎదురైతే పెద్దగా ఏం చెయ్యక్కర్లేదు, ఒక ప్రశ్న అడిగి ఆగండి, ఐదు సెకన్లలో జవాబు రాలేదని మళ్లీ అదే ప్రశ్న వేరే మాటల్లో అడక్కండి, వాడు మొదటిదానికే ఇంకా జవాబు వెతుక్కుంటూ ఉంటాడు. ప్లాన్ మారితే ముందే చెప్పండి. ముట్టుకునే ముందు అడగండి. వాడి ముందే వాడి గురించి "పాపం" అనకండి, మాట రాకపోయినా చెవులు పనిచేస్తాయి.

సోమవారం మళ్లీ స్కూల్లో మీటింగ్ ఉంది. ట్యాబ్ వల్ల మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతున్నారంట, క్లాసు టైమ్‌లో బ్యాగులో పెట్టమంటున్నారు. మిగతా పిల్లల నోళ్లకి కూడా ప్లాస్టర్ వేసి బ్యాగులో పెడతారా అని అడుగుదామనుకున్నా, మా ఆవిడ వద్దంది, రాతపూర్వకంగా ఇమ్మని అడుగుదాం అంది, అదే కరెక్ట్. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ఎవరన్నా ఉంటే స్కూల్‌ని ఎలా ఒప్పించారో కామెంట్ చెయ్యండి, నిజంగా కావాలి నాకు. డైట్ లింకులు పెట్టేవాళ్లని మాత్రం బ్లాక్ చేస్తా.