ఎర్ర బాణం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రేడియాలజీ ఆన్‌లైన్ పాఠాల ఎర్ర బాణం గారికి,

ఉభయకుశలోపరి. జబ్బు ఇక్కడుందని వేలెత్తి చూపిస్తూ తమరు కులాసాగా ఉన్నారని ప్రతి స్లైడ్ మీదా కనబడుతూనే ఉంది. తమరి కింద ఉన్న ఎక్స్‌రేనే ఎవరికీ కనబడడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

తమరి సేవ చిన్నది కాదు. మెడికల్ విద్యార్థి ఫిల్మ్ తెరిచీ తెరవగానే అరటిపండు ఒలిచి చేతిలో పెడతారు. ఎడమ లోయర్ లోబ్ కొలాప్స్ (ఎడమ ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోవడం) సంగతే చూడండి. గుండె నీడ వెనక నక్కి కూర్చునే రకం అది. ఆ నీడలోంచి ఏటవాలుగా దిగే తిన్నటి అంచును పట్టుకోవాలి. గుండెకి ఎడమ పక్కన రెండు అంచులున్నట్టు అనుమానం రావాలి. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ గీత లోపలివైపు చెరిగిపోయిందని గమనించాలి. అసలు వీటన్నిటికన్నా ముందు, గుండె వెనక కూడా ఊపిరితిత్తి ఉంటుందన్న సంగతి గుర్తుకు రావాలి. తమరు వేలు పెట్టి చూపిస్తుంటే ఇంత శ్రమ దేనికి? ఒక్క సెకనులో 'కొలాప్స్' అనేసి 'నెక్స్ట్' నొక్కేస్తాడు. అదే ఫిల్మ్‌ను తమరు లేకుండా మర్నాడు చూపించండి. 'నార్మల్' అంటాడు, అదీ ధీమాగా. వార్డులో వచ్చే ఫిల్ముల మీద తమరి దర్శనభాగ్యం ఉండదు కదా మరి.

తమరిలో ఇంకో సుగుణం, ఒంటరిగా రావడం. కుడి ఎపెక్స్‌లో, అంటే ఊపిరితిత్తి పై కొసన, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి బయట చేరిన గాలి) దగ్గర నిలబడతారు. ఊపిరితిత్తి పొర ప్లూరా సన్నగీత, దాని అవతల రక్తనాళాల జాడే లేని నల్లటి ఖాళీ. బాగుంది. అదే పక్క ఒక పక్కటెముక విరిగి ఉంటుంది, గాలి చేరడానికి కారణమే అది. దాని మీద బాణం లేదు గనక విద్యార్థి లెక్కలో అది విరగనట్టే. ఒకటి దొరికాక వెతకడం ఆపేసే ఈ జబ్బుకి సాటిస్ఫాక్షన్ ఆఫ్ సెర్చ్ అని పేరుంది. చేయి తిరిగిన డాక్టర్లకీ చూపు మోసం చేస్తుంది. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) వెతికే పని పెట్టి, మామూలు నాడ్యూల్‌కి 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను అందులో దూర్చారు. 20 మందికి అది కనబడలేదు. చూపు గొరిల్లా మీద పడినా గుర్తించనివాళ్ళే వారిలో ఎక్కువ. వెతకడం వృత్తిగా ఉన్నవాళ్ళ గతే ఇది. ఇక వెతకడమే నేర్పనివాళ్ళ సంగతి తమరే ఊహించండి.

సీటీ దగ్గర తమరి దర్జా మరీ ఎక్కువ. ఒంటిని పొరలుపొరలుగా చూపించే 300 స్లైసుల్లో ఒక్కదాన్ని జేపెగ్ బొమ్మగా కోసి, దాని మీద కూర్చుంటారు. ఆ స్లైస్ ఏరి పెట్టడంలోనే సగం జవాబు చెప్పేసినట్టు. పైగా జేపెగ్‌లో విండో, అంటే ఏ నలుపుతెలుపు ఛాయల్ని విడదీసి చూపాలన్న అమరిక, మార్చడానికి వీల్లేదు. తలలో పుర్రెని ఆనుకుని పల్చగా సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద చేరిన) రక్తం ఉందనుకోండి. విండో వెడల్పు 80, లెవెల్ 40 పెడితే అది ఎముక తెలుపులో కలిసిపోతుంది. వెడల్పు 200 దాకా పెంచితే విడిగా తేలుతుంది. ఆ తేలడాన్ని విద్యార్థి తన చేత్తో చేసి చూడాలి. ఫైళ్ళు బరువంటారా? 512×512 స్లైస్ ఒక్కోటీ అర ఎంబీ, 300 అయితే 150 ఎంబీ, ఫోన్‌లో లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందం స్లైసులను 5 మిల్లీమీటర్లకి మారిస్తే 60 స్లైసులు, 30 ఎంబీతో పోతుంది. సన్నటి ఫ్రాక్చర్, చిన్న నాడ్యూల్ ఉన్న కేసులకి మాత్రం ఈ పొదుపు పనికిరాదు.

తమరి ఉద్యోగం ఊడబెరకమని మా విన్నపం కాదు. డ్యూటీ టైము మార్చమని. ముందు ఒట్టి ఫిల్మ్ రావాలి. విద్యార్థి క్లావికల్స్ (మెడ కింది ఎముకలు) లోపలి కొసలు స్పైనస్ ప్రాసెస్‌కి (వెన్నుపూస వెనక మొనకి) సమదూరంలో ఉన్నాయా, అంటే రోగి పక్కకి తిరగకుండా ఉన్నాడా, ఫిల్మ్ ఏపీనా (ముందునుంచి తీసిందా) పీఏనా (వెనకనుంచి తీసిందా) చూసుకోవాలి, ఏపీలో గుండె లేని పెద్దరికం ప్రదర్శిస్తుంది గనక. తర్వాత జబ్బున్న చోట నొక్కి, ఏమిటో తన మాటల్లో రాయాలి. నాలుగు ఆప్షన్లిస్తే వాటిని పట్టుకుని వెనక్కి వెతుకుతాడు. అంతా అయ్యాక తమరు వేంచేయాలి. నొక్కాల్సిన హద్దును కొలిచి గీయాలి. పెద్దగా గీస్తే గుడ్డిగా నొక్కినా మార్కే. మరీ బిగించి గీస్తే, ఫోన్ మీద బొటనవేలితో సరైన చోటే నొక్కినవాడికి సున్నా. మధ్యమధ్య నార్మల్ ఫిల్ములు ధారాళంగా కలపాలి. ప్రతి ఫిల్ములోనూ జబ్బుంటుందని తెలిసినవాడు లేని జబ్బునైనా కనిపెట్టి తీరతాడు. నార్మల్ ఫిల్ము మీద తమరికి పని ఉండదు, అలగకండి.

ఇట్లు,
బాణాల్లేని ఫిల్ములు చదవక తప్పనివాళ్ళు

తా.క. తమరు సెలవు పెట్టిన రోజు తమరి తమ్ముడు, అంటే ఫైల్ పేరు, డ్యూటీ చేస్తున్నాడు. బొమ్మను కొత్త ట్యాబ్‌లో తెరిస్తే చాలు, 'లెఫ్ట్_న్యూమోథొరాక్స్_3' అని పైనే పలకరిస్తాడు. మాడ్యూల్ పేరు 'న్యూమోథొరాక్స్ క్విజ్'. అందులో మొదటి ప్రశ్న: 'ఈ ఎక్స్‌రేలో ఏముంది?'