ఎక్స్ క్రోమోజోమ్‌కి ఆ పేరు ఆకారం నుంచి రాలేదు, ఒక పురుగు నుంచి వచ్చింది

ఈ మధ్య ఒక చార్టు ఫోన్లలో తెగ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. క్రోమోజోముల గురించి అందులో ఐదు మాటలున్నాయి. ఎక్స్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఎక్స్ క్రోమోజోమ్ అనీ, వై ఆకారంలో ఉంటుంది కాబట్టి వై క్రోమోజోమ్ అనీ పేర్లు వచ్చాయన్నది మొదటిది. క్రోమోజోములు ఎన్ని ఎక్కువుంటే ఆ ప్రాణి అంత పై మెట్టు మీద ఉన్నట్టన్నది రెండోది. ప్రతి క్రోమోజోమ్‌కీ నడుములా ఒక సెంట్రోమియర్ ఉంటుంది, అది లేని ముక్క కణ విభజనలో నిలవదన్నది మూడోది. క్షయకరణ విభజనలో, అంటే అండాలూ శుక్రకణాలూ తయారయ్యే విభజనలో, ముందు జతలు విడిపోతాయి, తర్వాత ఒక్కో క్రోమోజోమ్ నిలువునా చీలుతుంది, ఏ జీవిలోనైనా వరస ఇదేనన్నది నాలుగోది. ఏ ప్రాణిలోనైనా వై ఉంటే మగ, లేకపోతే ఆడ, కాబట్టి బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచే తేలుతుందన్నది ఐదోది.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. మొన్న పేపర్లు దిద్దుతుంటే మొదటి మాట యథాతథంగా మూడు జవాబు పత్రాల్లో కనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. చార్టు పంపినవాళ్ల మనసు మంచిదేనని నాకు తెలుసు. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే ఇళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్లకి సమాధానంగానే చాలామంది దీన్ని పంపుతున్నారు. మనుషుల వరకు ఆ ఐదో మాట నిజం. కానీ ఆ నిజం ఎక్కడి నుంచి తెలిసిందో చూస్తే, మిగతా నాలుగూ ఎందుకు తప్పో అక్కడే అర్థమవుతుంది.

అది తెలిసింది రసం పీల్చే పురుగుల నుంచి. మంచాల్లో నల్లి, వరిలో సుడిదోమ, కంకి పాలు తాగే కంపునల్లి, బత్తాయి మీద పిండినల్లి, చిక్కుడు తీగకి పట్టే పేనుబంక, పత్తి మీద తెల్లదోమ. పేరులో దోమ ఉన్నా సుడిదోమ, తెల్లదోమ దోమలు కావు. సూదిలాంటి మూతి గుచ్చి పీల్చే ఈ పురుగులన్నీ హెమిప్టెరా అనే ఒకే వర్గానివి.

పేరు సంగతి ముందు చూద్దాం. యూరప్‌లో చెట్ల మొదళ్ల దగ్గర గుంపులు గుంపులుగా కనిపించే ఎరుపు నలుపు పురుగు ఒకటుంది, ఫైర్‌బగ్ అంటారు. మన పత్తి కాయల మీద గుంపుగా చేరే రెడ్ కాటన్ బగ్ దాని కుటుంబానిదే. 1891లో హెర్మన్ హెంకింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ పురుగులో శుక్రకణాలు ఎలా తయారవుతాయో ఒక్కో దశా గమనిస్తూ వెళ్లారు. క్రోమోజోములన్నీ జతలు కట్టాయి గానీ ఒకటి మాత్రం జత లేకుండా ఉండిపోయింది. చివరి విభజనలో అది చీలకుండా మొత్తంగా ఒక వైపుకే వెళ్లిపోయింది. అంటే సగం శుక్రకణాలకి 12 వచ్చాయి, సగానికి 11 వచ్చాయి. ఆ ఒంటరిది అసలు క్రోమోజోమేనా, ఇంకేమైనానా అన్నది ఆయన తేల్చుకోలేకపోయారు. దాన్ని ఎక్స్ అని రాసుకున్నారు. లెక్కల్లో తెలియనిదాన్ని ఎక్స్ అనుకుందాం అంటాం చూడండి, అలాంటి ఎక్స్ అది. 1895లో రోంట్‌జెన్ తనకి అంతుపట్టని కిరణాలకి ఎక్స్-రే అని పేరు పెట్టిందీ ఇందుకే. ఎక్స్-రే ఎక్స్ ఆకారంలో ఉంటుందని ఎవరూ అనరు కదా.

వై కథ ఇంకా చిన్నది. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మీల్‌వార్మ్ అనే పెంకు పురుగులో చూస్తే, ఆడదానికి 20 పెద్ద క్రోమోజోములు, మగదానికి 19 పెద్దవి, ఒక చిన్నది ఉన్నాయి. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ హెమిప్టెరా పురుగుల్లో అలాంటి తేడానే చూపించారు. ఆ చిన్నదానికి వై అనే పేరు 1909లో విల్సన్ వాడారు. అక్షరమాలలో ఎక్స్ తర్వాతిది వై, అంతే. తర్వాత పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో వాటికి జెడ్, డబ్ల్యూ అని పెట్టుకున్నారు. అవి కూడా ఆకారాన్ని బట్టి కాదు.

పోనీ మనిషి కణంలోనైనా ఎక్స్ క్రోమోజోమ్ ఎక్స్‌లా ఉంటుందా అంటే, విభజనకి సిద్ధమై రెట్టింపైన కాసేపు మాత్రమే అలా కనిపిస్తుంది. ఆ కాసేపు మిగతా క్రోమోజోములూ దాదాపు అలాగే ఉంటాయి. మామూలు వేళల్లో అన్నీ సన్నని దారాలే. ఆకారాన్ని బట్టే పేరు పెట్టాల్సివస్తే మనలో 45 దాకా ఎక్స్‌లు ఉండాలి.

లెక్క ఎక్కువైతే మెట్టు ఎక్కువన్న రెండో మాట మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. మనిషికి 46, కుక్కకి 78, కోడికి 78. ఒక ఫెర్న్ మొక్కకి 1200 పైనే. హెమిప్టెరాలోనే బత్తాయి, నిమ్మ జాతి చెట్లకి పట్టే పిండినల్లికి 10, సుడిదోమకి 30. పెద్ద నీటిపురుగుల్లో ఒక దానికి 4 మాత్రమే. చెరువులో చేపపిల్లలనీ కప్పపిల్లలనీ పట్టి తినే జాతి అది.

మూడోది, సెంట్రోమియర్ సంగతి, నాకు చాలా ఇష్టమైన విషయం. ఎందుకంటే దీన్ని కళ్లారా చూడొచ్చు. మగ పురుగు పొట్ట తెరిచి, వృషణాన్ని ఉప్పునీటి చుక్కలోకి తీసి, రంగు చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, దాని మీద బ్లాటింగ్ పేపర్ మడత వేసి బొటనవేలితో నొక్కుతాం. వేలు పక్కకి జరిగితే కణాలన్నీ నలిగి పాడవుతాయి, అందుకే ఊపిరి బిగబట్టి తిన్నగా నొక్కాలి. మిడత స్లైడులో విడిపోతున్న క్రోమోజోములు దొరికితే, ఒక్కోదాన్నీ ఒక చోట పట్టుకుని కణం అంచువైపు ఈడ్చుకెళ్తున్నట్టు, మిగతా ఒళ్లంతా తోకలా వెనక వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. పట్టు ఉన్న ఆ చోటే సెంట్రోమియర్. అదే పైన చెప్పిన రెడ్ కాటన్ బగ్ స్లైడు పెడితే పొట్టి కడ్డీలు, చుక్కలు. నడుములా సన్నబడ్డ చోటు ఎక్కడా ఉండదు, తోక ఎక్కడా వేలాడదు. సమవిభజనలో, అంటే ఒళ్లు పెరిగేటప్పుడు జరిగే మామూలు కణ విభజనలో, రెండు సగాలూ ఒకదానికొకటి సమాంతరంగా, పక్కపక్కనే పెట్టిన రెండు అగ్గిపుల్లలు దూరం జరిగినట్టు జరుగుతాయి. ఏటా ఎవరో ఒక పిల్లో పిల్లాడో కళ్లు నులుముకుని మళ్లీ చూసి, "సార్, సెంట్రోమియర్ కనిపించట్లేదు" అంటారు. కనిపించదమ్మా, దీనికి అలాంటి ఒక్క చోటంటూ లేదు.

విభజనలో క్రోమోజోముల్ని చెరో వైపుకి లాగే సన్నని దారాల్ని కండె పోగులు అంటాం, ఈ పురుగుల్లో అవి క్రోమోజోమ్ పొడవునా పట్టుకుంటాయి. తడి చీరని మధ్యలో ఒక్కరు పట్టుకుని లాగడం వేరు, అంచు పొడవునా నలుగురు పట్టుకుని జరపడం వేరు. ఈ సంగతి 1930ల్లోనే ఫ్రాంజ్ ష్రేడర్ చెప్పారు. దానికి గట్టి రుజువు 1941లో వచ్చింది. శాలీ హ్యూస్-ష్రేడర్, హాన్స్ రిస్ కలిసి పిండినల్లికి దగ్గర చుట్టమైన ఒక పొలుసు పురుగు క్రోమోజోముల్ని ఎక్స్-రేతో ముక్కలు చేశారు. సెంట్రోమియర్ ఒక్కటే ఉండే జీవిలో అయితే అది ఉన్న ముక్క బతుకుతుంది, లేని ముక్క ఎటూ పోలేక కణం మధ్యలో చిక్కుకుపోయి కొన్ని విభజనల్లో మాయమైపోతుంది. ఇక్కడ రెండు ముక్కలూ మామూలు క్రోమోజోముల్లా చెరో వైపుకి చక్కగా వెళ్లాయి. 1969లో మిల్క్‌వీడ్ బగ్ అనే మరో పురుగులో అలా విరిగిన ముక్కలు మూడు తరాల దాకా అందినట్టు చూపించారు. మనలో సెంట్రోమియర్ చోటుని గుర్తుపెట్టే ప్రత్యేక ప్రొటీన్ ఒకటుంది. హెమిప్టెరా పురుగుల్లో, సీతాకోకచిలుకల్లో, తూనీగల్లో ఆ ప్రొటీనే లేకుండా పోయిందని 2014లో తేలింది. "అది లేని ముక్క నిలవదు" అన్న వాక్యం మనిషికీ మిడతకీ నిజం. నల్లికీ పేనుబంకకీ అబద్ధం.

ఈ తేడా పుస్తకాలతో ఆగిపోయేది కాదు. కీటకాల్ని రేడియేషన్‌తో గొడ్డువాటిని చేసి పొలాల్లో వదిలే పద్ధతి ఒకటుంది. ఈగలకి సరిపోయిన మోతాదు ఈ పురుగులకి సరిపోదు. విరిగిన ముక్కలు కూడా బతుకుతాయి కాబట్టి పూర్తిగా గొడ్డువి కావాలంటే మోతాదు బాగా పెంచాలి.

నాలుగో మాట, క్షయకరణ విభజన వరస. మంచంలో నల్లి, ఫైర్‌బగ్ లాంటి పురుగుల్లో మామూలు క్రోమోజోములు చార్టు చెప్పిన వరసలోనే నడుస్తాయి. వాటి ఎక్స్, వై మాత్రం చాలావాటిలో తలకిందులు. మొదటి విభజనలో రెండూ విడివిడిగా ఉండి, ఒక్కోటీ నిలువునా చీలుతుంది. రెండో విభజనకి అవి రెండూ కొసలు ఆనించుకుని ఒక్క క్షణం జత కట్టి, అప్పుడు చెరో వైపుకి పోతాయి. హెంకింగ్ ఎక్స్ చివరి విభజనలో ఒక పక్కకి పోయిందని పైన చెప్పానే, కారణం ఇదే. రెండో విభజన దశ మంచి స్లైడులో పైనుంచి చూడాలి. మిగతా క్రోమోజోములు గుండ్రంగా వలయం కట్టి ఉంటాయి, నడుమ ఎక్స్, వై జంట. ఎన్నిసార్లు చూసినా నాకు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒప్పులకుప్ప ఆడుతున్నట్టే ఉంటుంది.

ఇక ఐదోది. "ఏ ప్రాణిలోనైనా వై ఉంటే మగ" అన్న చోటే అసలు చిక్కు. ఫైర్‌బగ్‌లో వై లేనే లేదు. ఆడదానికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒకటి, దాని పక్కన ఖాళీ. విల్సన్ 1905లో చూపిన ప్రొటెనార్ అనే పురుగుదీ అదే పద్ధతి, ఆడదానికి 14, మగదానికి 13. మంచంలో నల్లికి వై ఉంది గానీ ఎక్స్‌లు మాత్రం కనీసం రెండు రకాలు. కొన్ని నల్లుల్లో ఆ లెక్క 20 దాకా పెరిగింది. విరిగిన ముక్క కూడా బతుకుతుందని చెప్పానుగా, అలా ఎక్స్‌లు ముక్కలై పెరిగి ఉంటాయని అనుకుంటున్నారు.

పేనుబంకలో తల్లి మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, పుట్టేవన్నీ ఆడవే. మగవి పుట్టే కాలం వచ్చినప్పుడు అండంలో ఒక ఎక్స్ తగ్గిపోతుంది, ఆ బిడ్డ మగది. అక్కడ తండ్రి అన్నవాడే లేడు. తెల్లదోమలో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది, జరగనిది మగది.

పిండినల్లి వీటన్నిటికన్నా విచిత్రం. దానికి ఎక్స్ లేదు, వై లేదు. ఆడదానికీ మగదానికీ అవే పది క్రోమోజోములు, ఐదు తల్లివి, ఐదు తండ్రివి. మగది కాబోయే పిండంలో తండ్రి ఇచ్చిన ఐదూ ముద్దకట్టి నిద్రపోతాయి. ఆ మగది పెద్దదై శుక్రకణాలు తయారుచేసేటప్పుడు వాటిలోకి తల్లి ఇచ్చిన ఐదే వెళ్తాయి, తండ్రివి రాలిపోతాయి. 1961లో స్పెన్సర్ బ్రౌన్, వాల్టర్ నెల్సన్-రీస్ దీన్ని ఎక్స్-రేతో పరీక్షించారు. తండ్రి పురుగుకి పెద్ద మోతాదు ఇస్తే కూతుళ్లు చనిపోయాయి, కొడుకులు బతికాయి. తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు పాడైపోయినా కొడుకుల్లో వాటితో పనే లేదు కాబట్టి. తల్లిదో తండ్రిదో క్రోమోజోము గుర్తుపెట్టుకుంటుందన్న ఈ సంగతి మీద మన దేశంలోనూ మంచి పని జరిగింది. బెంగళూరులో హెచ్. శరత్ చంద్ర పిండినల్లుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. బ్రౌన్‌తో కలిసి 1975లో ఆ ఆలోచనని మన ఎక్స్ క్రోమోజోమ్ దాకా తీసుకొచ్చారు.

మనిషి దగ్గరికి వస్తే, మనకి 46 అని 1956లో గానీ సరిగ్గా తేలలేదు. అంతకు అరవై అయిదేళ్ల ముందే ఒక చిన్న పురుగులో శుక్రకణాలు రెండు రకాలని తెలిసింది. 1905లో స్టీవెన్స్, విల్సన్ ఆ రెండు రకాలకీ ఆడా మగా తేడాకీ ముడివేశారు. మనలోనూ అంతే. అండాలన్నిటిలో ఎక్సే, శుక్రకణాల్లో సగం ఎక్స్, సగం వై. ఏ రకం శుక్రకణం కలిసిందన్నదాన్ని బట్టే బిడ్డ. అందులో తల్లి తప్పు రవ్వంత కూడా లేదు. తండ్రి చేతిలో ఉన్నదీ కాదు, బొమ్మా బొరుసూ లాంటిదే.

చార్టు తయారుచేసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. పై నాలుగు మాటలూ తీసేసి, ఐదోదాన్ని "మనుషుల్లో" అని మొదలుపెట్టి రాసి పంపండి. మా క్లాసు గోడ మీద నేనే అంటిస్తాను.